డ్రైవరు ఉద్యోగం దొరుకుతుందా చిన్నాయనా?



ఇండియా నుంచి మన సన్నీవేల్ ఇళ్ళకు వచ్చే ఫోన్లు స్థూలంగా మూడు రకాలు. మొదటిది అమ్మానాన్నల ఫోను: తిన్నారా, పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారా, ఈ ఏడాదైనా వస్తున్నారా. రెండోది ఎమ్మెస్ సీటు వచ్చిన పిల్లల ఫోను: ఏ యూనివర్సిటీ మంచిది, ఎయిర్‌పోర్టుకు ఎవరైనా వస్తారా. మూడోది సంబంధాల ఫోను. అది అబ్బాయికి గ్రీన్ కార్డు ఉందా అన్న ప్రశ్నతో మొదలై, లేదంటే అక్కడే ఆగిపోతుంది. ఈ మూడింటికీ మన దగ్గర సమాధానాలు సిద్ధంగానే ఉంటాయి. నాలుగో రకం ఫోను ఒకటుంది. అరుదుగా వస్తుంది గానీ, వచ్చినప్పుడు ఏం చెప్పాలో చాలామందికి పాలుపోదు. మొన్న మా ఇంటికి వచ్చింది అలాంటిదే.

చేసింది రాజంపేట దగ్గరి మా ఊరి కుర్రాడు. నాకు వరసకు కొడుకవుతాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. పదో తరగతి పాసయ్యాడు. హెవీ లైసెన్సుంది. ఎనిమిదేళ్ళుగా తిరుపతి, చెన్నై, బెంగుళూరు రోడ్ల మీద లారీ తోలుతున్నాడు. ఇంతవరకు ఒక్క యాక్సిడెంటు లేదు.

"చిన్నాయనా, ఆడ డ్రైవర్లకు శానా గిరాకీ ఉండాదంట గదా. ఈడ ఒకాయన అమెరికాకు డ్రైవరు వీసా ఇప్పిస్తానంటాండాడు. మొత్తం పద్నాలుగు లచ్చలు. ముందు నాలుగు కట్టాలంట. అమ్మ రెండెకరాలు బేరం పెట్టింది. నువ్వు ఊ అంటే కట్టేస్తాం."

అమెరికాలో ఉంటున్నాం గనుక మనకు అన్నీ తెలుసుననుకుంటారు ఊళ్ళో. మన నోటి నుంచి వచ్చే ఒక "ఊ"కు రెండెకరాల విలువ ఉందన్నమాట! "వారం ఆగు నాయనా. అంతవరకు అమ్మను సంతకం పెట్టొద్దను" అని చెప్పాను. ఆ వారంలో ఒక ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాను. శాంటాక్లారా డీఎంవీ ఆఫీసుకు వెళ్ళి కనుక్కున్నాను. ఇక్కడ బస్సు నడిపే మనవాళ్ళనూ, ట్రక్కు నడిపే ఒక పంజాబీ మిత్రుణ్నీ కూర్చోబెట్టి అడిగాను. ఇలాంటి ఫోను రేపు మీకూ రావచ్చు. అందుకని తెలుసుకున్నదంతా ఈసారి మీ ముందు పెడుతున్నాను.

అసలు డ్రైవరు వీసా ఉందా?

ముందు సూటిగా జవాబు చెప్పుకుందాం. ఆ పేరుతో అమెరికాలో వీసా లేదు. మనలో చాలామందిని ఇక్కడికి తెచ్చిన హెచ్-1బి, డిగ్రీ చదువు తప్పనిసరి అయిన వృత్తులకు ఇచ్చేది. లారీ తోలడం ఎంత నేర్పున్న పనైనా చట్టం దృష్టిలో ఆ కోవలోకి రాదు. హెచ్-2బి అని మరొకటుంది. అది కొన్ని నెలలపాటు ఉండే తాత్కాలికపు పనులకు. దానికి చట్టంలో ఉన్న మామూలు పరిమితి ఏడాదికి 66,000. అది కూడా అన్ని రకాల పనులకూ, అన్ని దేశాలకూ కలిపి. పని అయిపోగానే ఇంటిదారి పట్టాల్సిందే.

ఇక మిగిలింది ఈబీ-3 అనే గ్రీన్ కార్డు దారి. ఇక్కడి యజమాని "నాకు ఈ దేశంలో డ్రైవర్లు దొరకడం లేదు" అని కార్మిక శాఖను ఒప్పించి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఇండియాలో పుట్టినవాళ్ళకు ఆ వరుసలో నిరీక్షణ పదేళ్ళు దాటిపోయింది. ఆ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు! పెద్ద అనుభవం అడగని పనుల విభాగానికైతే ప్రపంచం మొత్తానికీ ఏటా 10,000కు మించకూడదని చట్టంలోనే రాశారు. ఇవన్నీ చాలవన్నట్టు, ట్రక్కు డ్రైవర్లకు ఉద్యోగ వీసాలు ఇవ్వడం తక్షణం ఆపుతున్నామని 2025 ఆగస్టు 21న విదేశాంగ మంత్రి మార్కో రూబియో ప్రకటించారు.

లాయరు గారు చెప్పిన ఇంకో సంగతి మాత్రం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకోదగ్గది. ఈబీ-3కి కార్మిక శాఖ దగ్గర చేసే దరఖాస్తు ఖర్చు, దానికి లాయరు ఫీజు యజమానే పెట్టుకోవాలి. ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని 2007 నుంచి నిబంధన ఉంది. హెచ్-2బిలో కూడా ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అంటే "ఉద్యోగానికి పద్నాలుగు లక్షలు" అన్నవాడు ఆ మాటతోనే తన గుట్టు తనే బయటపెట్టుకున్నట్టు. అతను నిజంగా ఇప్పించగలిగేది మహా అయితే ఒక విజిటర్ వీసా ఇంటర్వ్యూ. దాని మీద వచ్చి స్టీరింగు పట్టుకుంటే అది చట్టవిరుద్ధం. దొరికితే వెనక్కి పంపించడమే కాదు, మళ్ళీ రావడానికి కూడా దారి మూసుకుపోతుంది.

సరే, మరి ఊళ్ళోవాళ్ళు విన్న "గిరాకీ" అబద్ధమా అంటే, కాదు. గిరాకీ ఉన్నమాట నిజమే. అది ఇక్కడ పనిచేసే హక్కు ఇప్పటికే ఉన్నవాళ్ళకు. అలాంటివాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు, ఉద్యోగం పోయి కొత్త దారి వెతుక్కుంటున్న సిటిజన్లు, పని అనుమతి ఉన్న భార్యాభర్తలు. వాళ్ళ కోసం రెండు మాటలు.

హారన్ నుంచి చెక్‌లిస్టు దాకా

ఆర్టీసీలో ఇరవై ఏళ్ళకు పైగా బస్సు నడిపిన పెద్దాయన ఒకరు కూతురి ద్వారా గ్రీన్ కార్డు మీద ఇక్కడికి వచ్చారు. మొదటి ఆరు నెలలూ మనవణ్ని స్ట్రోలర్‌లో తిప్పడం, శనివారం పర్షియన్ డ్రైవ్‌లోని గుడికి వెళ్ళడం, ఇంతే. "కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయయ్యా" అని ఒకరోజు డీఎంవీ పుస్తకం పట్టుకున్నారు. ఇవాళ ఒక కంపెనీ షటిల్ బస్సు నడుపుతున్నారు. కష్టమేమిటని అడిగితే నవ్వి ఇలా అన్నారు: "బండి నడపడం కష్టం కాలేదు. కుడిపక్కన నడపడం వారంలో వచ్చేసింది. బండి ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి, ఒక్కొక్క భాగం పేరు ఇంగ్లీషులో చెప్పి చూపించమన్నారు చూడూ, అక్కడ చెమట పట్టింది. అక్కడ నా చేయి హారన్ మీద ఉండేది. ఇక్కడ చెక్‌లిస్టు మీద ఉంటుంది."

ఆయన చెప్పింది సరదాగానైనా, సంగతి అదే. బస్సుకో, ట్రక్కుకో మన మామూలు క్లాస్-సి లైసెన్సు చాలదు. కమర్షియల్ లైసెన్సు, అంటే సీడీఎల్ కావాలి. ట్రైలర్ తగిలించిన పెద్ద ట్రక్కుకు క్లాస్-ఎ, పెద్ద బస్సుకు క్లాస్-బి. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే దానికి వేరే పరీక్ష. ఎయిర్ బ్రేకులకు మరొకటి. మొదట డాక్టరు దగ్గర వైద్య పరీక్ష, తర్వాత రాత పరీక్షలు రాసి పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు గడిస్తే గానీ డ్రైవింగు పరీక్షకు రానివ్వరు. 2022 ఫిబ్రవరి నుంచి, మొదటిసారి సీడీఎల్ తీసుకునేవాళ్ళు ప్రభుత్వం నమోదు చేసిన స్కూల్లో శిక్షణ పూర్తి చేయాలని దేశమంతటా నియమం. పరీక్షలో మూడు భాగాలు: పెద్దాయనకు చెమట పట్టించిన బండి తనిఖీ, ఖాళీ స్థలంలో బండిని వెనక్కీ పక్కకీ అదుపులో తిప్పడం, చివరికి రోడ్డు. రాష్ట్రం లోపల నడపడానికి 18 ఏళ్ళు చాలు. సరిహద్దు దాటాలంటే 21 నిండాలి.

ఇంత తతంగం ఎందుకూ అనిపించవచ్చు. సరుకుతో నిండిన ట్రక్కు 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నుల దాకా ఉంటుంది. 2018 ఏప్రిల్ 6న కెనడాలోని సస్కాచెవన్‌లో ఒక ట్రక్కు స్టాప్ గుర్తు దాటి వచ్చి, హంబోల్ట్ బ్రాంకోస్ అనే కుర్రాళ్ళ హాకీ జట్టు బస్సుకు అడ్డం పడింది. పదహారు మంది చనిపోయారు. ఆ ట్రక్కు నడిపిన యువకుడు ఇండియా నుంచి వెళ్ళినవాడే. తాగి లేడు, ఫోనులో లేడు. ఆ పనికి కొత్త, చేతిలో ఉన్నది కొద్ది వారాల అనుభవం. అతనికి ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. ఆ తర్వాత అక్కడి కొన్ని రాష్ట్రాలు శిక్షణ గంటలు తప్పనిసరి చేశాయి. "రెండు వారాల్లో లైసెన్సు చేతికిస్తాం" అనే ప్రకటన చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చౌకగా వచ్చిన శిక్షణ ఖరీదు చివరికి ఎవరో ఒకరు కడతారు.

జీతం మాటేమిటంటారా? కేంద్ర కార్మిక గణాంకాల ప్రకారం 2024లో పెద్ద ట్రక్కు డ్రైవర్ల జీతం దేశం మొత్తం మీద నడిమధ్య అంకె ఏడాదికి సుమారు 57,000 డాలర్లు. సన్నీవేల్ అద్దెలకు అది బొటాబొటి. నిద్రకు మాత్రం చట్టం కాపలా ఉంది. వరసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్న తర్వాతే, 14 గంటల వ్యవధిలో గరిష్ఠంగా 11 గంటలు నడపాలి. ఆ లెక్క రాసేది డ్రైవరు చేయి కాదు, బండిలోని యంత్రం. పంజాబీ మిత్రుడు అన్నట్టు, "యజమాని తొందరపెట్టినా మీటరు ఒప్పుకోదు." కాలిఫోర్నియా హైవేల మీద తరతరాలుగా ట్రక్కులు నడుపుతున్న పంజాబీలు దారిపొడవునా ధాబాలు కూడా పెట్టుకున్నారు. మనవాళ్ళు ఈ పనిలో ఇంకా వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే.

ఇల్లు వదిలి రోజుల తరబడి తిరగలేనివాళ్ళకు వీటీఏ, స్కూలు బస్సులు, కంపెనీ షటిళ్ళు ఉన్నాయి. ఎల్ కామినో మీద మనం రోజూ చూసే 22వ నంబరు బస్సు వీటీఏదే. స్కూలు బస్సుకైతే సీడీఎల్ మీద అదనంగా 40 గంటల శిక్షణ, హైవే పెట్రోల్ వాళ్ళ పరీక్ష ఉంటాయి. కంపెనీ షటిళ్ళలో చేరేముందు పని వేళలు వివరంగా అడగండి. 2014లో ఫేస్‌బుక్ ఉద్యోగులను తిప్పే షటిళ్ళ డ్రైవర్లు యూనియన్‌లో చేరడానికి ఒక ముఖ్య కారణం ఈ వేళలే. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, మధ్యలో గంటల తరబడి జీతం లేని ఖాళీ. ఇంటికి వెళ్ళి రావాలంటే దూరం, ఉండాలంటే చోటు లేదు.

వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. సిటిజన్లు, గ్రీన్ కార్డుదారులు కానివాళ్ళకు సీడీఎల్ ఇచ్చే నిబంధనలను కేంద్ర రవాణా శాఖ 2025 సెప్టెంబరులో బాగా బిగించింది. నవంబరులో కోర్టు వాటిని తాత్కాలికంగా ఆపింది. ఇలాంటి విషయంలో ఎవరి ఫార్వర్డ్ మెసేజినీ నమ్మకండి. స్కూలు ఫీజు కట్టే ముందు నేరుగా డీఎంవీలోనే మీ కాగితాలు చూపించి అడగండి. ఇంగ్లీషు సంగతి కూడా అంతే. రోడ్డు మీద బోర్డులు చదవలేని, అధికారి అడిగినదానికి జవాబు చెప్పలేని ట్రక్కు డ్రైవర్లను అక్కడికక్కడే పక్కన పెట్టేయడం 2025 జూన్ నుంచి మొదలైంది.

యాప్ పిలుపు

"పెద్ద బండి ఎందుకు, చేతిలో క్యామ్రీ ఉంది, యాప్ ఉంది" అనేవాళ్ళూ ఉన్నారు. ఊబర్ పుట్టింది మన పక్కనున్న శాన్‌ఫ్రాన్సిస్కోలోనే, 2009లో. దీనికి సీడీఎల్ అక్కర్లేదు. అయితే ముందుగా ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు వారాంతంలో ఊబర్ నడపకూడదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు కూడా నడపకూడదు. స్నేహితుడి పేరు మీది అకౌంటుతో నడపడం మరీ ప్రమాదం. శుక్రవారం రాత్రి నాలుగు ట్రిప్పుల కోసం పదేళ్ళ గ్రీన్ కార్డు వరుసను పణంగా పెట్టడమంటే కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టుంటుంది.

అనుమతి ఉన్నవాళ్ళు కూడా లెక్క తెలుసుకుని దిగాలి. 2020 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రాప్ 22 ప్రకారం యాప్ డ్రైవర్లు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. 2024 జూలైలో రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని నిలబెట్టింది. కనీస వేతనానికి 120 శాతం హామీ ఉందంటారు. అది ట్రిప్పు ఒప్పుకున్నప్పటి నుంచి దింపేవరకే. ఎయిర్‌పోర్టు దగ్గర పిలుపు కోసం కాచుకున్న గంటకు లెక్క లేదు. పెట్రోలు, ఇన్సూరెన్సు, టైర్లు ఎవరివి వాళ్ళవే.

మన ఊళ్ళో ఇంకో విచిత్రం కూడా చూస్తున్నాం. గూగుల్ 2009లో మొదలుపెట్టిన ప్రాజెక్టే 2016లో వేమో అనే కంపెనీ అయింది. 2025 మార్చిలో ఆ డ్రైవరు లేని కార్లు మౌంటెన్ వ్యూ, పాలో ఆల్టోలతో పాటు సన్నీవేల్‌లోని కొన్ని వీధుల్లో కూడా ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. అందులో రాసిన కోడులో మన తెలుగు పిల్లల చేయి కూడా ఉండే ఉంటుంది! సాంకేతిక విద్య గొప్పదే, కాదనను. అదే నెలలో వీటీఏ డ్రైవర్లూ మిగతా సిబ్బందీ కలిసి సుమారు 1,500 మంది రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. బస్సులూ, లైట్ రైలూ నిలిచిపోయాయి. ఇళ్ళలో వంటకూ, పిల్లల సంరక్షణకూ వచ్చేవాళ్ళు రాలేక, ముసలివాళ్ళు డయాలిసిస్‌కు వెళ్ళలేక పడిన అవస్థ ఈ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. డ్రైవరు లేని కారు తిరిగే ఊళ్ళోనే, డ్రైవరు లేకపోతే ఊరు ఎలా ఆగిపోతుందో కూడా ఒకే నెలలో చూశాం.

కోయిట్ దారి

మళ్ళీ రాజంపేట కుర్రాడి సంగతికి వద్దాం. అమెరికా దారి మూసి ఉందని చెబితే సరిపోదు. మరి అతను ఏం చేయాలి? కడప, రాజంపేట, రాయచోటి వైపు డ్రైవర్లకు తరతరాలుగా తెలిసిన దారి కువైట్. మా ఊళ్ళో "కోయిట్" అంటారు. ఈ కుర్రాడి పెదనాయన కూడా అక్కడ ఒక ఇంట్లో కారు డ్రైవరుగా పనిచేశాడు. 1990 ఆగస్టులో ఇరాక్ దాడి చేసినప్పుడు బస్సుల్లో ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో ఇల్లు చేరాడు. అలా మన ప్రభుత్వం అప్పుడు ఇంటికి చేర్చినవాళ్ళు లక్షా డెబ్బై వేల మందికి పైనే.

గల్ఫ్ దేశాల్లో డ్రైవరు వీసాలు నిజంగానే ఉన్నాయి. వాటిలోనూ తేడాలు తెలియాలి. కువైట్‌లో ఆర్టికల్ 18 అంటే కంపెనీ వీసా, ఆర్టికల్ 20 అంటే ఇంటి పని వీసా. మనవాళ్ళు ఖాదిం వీసా అనేది ఈ రెండోదాన్నే. ఇంటి డ్రైవరుగా వెళితే ఆ కఫీల్ దగ్గరే పని చేయాలి. బయట ఇంకోచోట పని చేస్తే తప్పు. "ఆజాద్ వీసా, ఎక్కడైనా చేసుకోవచ్చు" అని అమ్మేవాళ్ళున్నారు. చట్టంలో అలాంటి వీసా ఏదీ లేదు. మన హెవీ లైసెన్సు చూసి అక్కడ బండి తాళాలివ్వరు. అక్కడి లైసెన్సు తీసుకోవాలి, ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. కాలం మారుతోందని కూడా గుర్తుంచుకోవాలి. సౌదీలో 2018 జూన్ 24 నుంచి ఆడవాళ్ళు కూడా కారు నడుపుతున్నారు. అంతకుముందు ఇంటింటికీ ఒక డ్రైవరు కావలసి వచ్చేది.

మన దేశంలో రక్షణకు కొన్ని కట్టుబాట్లున్నాయి. 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు మాత్రమే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలి. ఆ రిజిస్ట్రేషను నంబరు నిజమో కాదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే! రసీదు ఇవ్వాలి. హైదరాబాదులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతున్నాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండు మూడేళ్ళకు కొన్ని వందల రూపాయలు కడితే పది లక్షల బీమా ఉంటుంది. పది పాసవని వాళ్ళ పాస్‌పోర్టుకు ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వాళ్ళకు ఈ అనుమతులు తప్పనిసరి. పది పాసైన మా కుర్రాడికి తప్పనిసరి కాకపోయినా, ఆ దారిలోనే వెళ్ళమన్నాను.

వారం తర్వాత ఇదంతా ఫోనులో చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను పనికిరానా చిన్నాయనా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నేను ఏ లాయర్నీ అడగనక్కర్లేదు. "నాయనా, నీ పనికి ఏ వంకా లేదు. ఎనిమిదేళ్ళు యాక్సిడెంటు లేకుండా లారీ తోలినవాడికి ఎక్కడైనా గౌరవం ఉంటుంది. ఈ దేశపు చట్టంలో నీకు తలుపు లేదు, అంతే. లేని తలుపుకు తాళం చెవి అమ్ముతున్నాడు వాడు" అన్నాను. వాళ్ళమ్మ ఫోను తీసుకుని, "పొలం ఉంటాదిలే మరిదీ, నువ్వు చెప్పినావు చాలు" అంది. నాలుగు లక్షలు కట్టలేదు. కుర్రాడు ఇప్పుడు ఒక రిజిస్టరైన ఏజెంటు ద్వారా కువైట్ కంపెనీ బస్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఇంకా జవాబు రాలేదు. రాకపోయినా రెండెకరాలూ, లారీ ఉద్యోగమూ ఉన్నాయి.

కాబట్టి మిత్రులారా, నాలుగో రకం ఫోను వస్తే "చూద్దాంలే" అనకండి. మనం మొహమాటంతో అనే "చూద్దాంలే" అక్కడ "అవుతుంది" అని వినబడుతుంది. ఏజెంటు ఆ మాటనే పెట్టుబడిగా వాడుకుంటాడు. కాదన్నది కాదని, అదే రోజు, కారణంతో సహా చెప్పండి. కష్టంగా ఉంటుంది. పొలం పోయాక చెప్పడం కంటే తేలికే.

పిల్లలకు ఒక మాట

పిల్లలూ, మేరీ ఎవెన్యూ దగ్గర కాల్‌ట్రెయిన్ పట్టాలున్నాయి కదా. అక్కడికి పిల్లలున్న స్కూలు బస్సు వస్తే ఏం చేస్తుందో గమనించారా? రైలు రాకపోయినా, గేటు పడకపోయినా ఆగుతుంది. డ్రైవరు రెండువైపులా చూసి, చెవి పెట్టి విని, అప్పుడు పట్టాలు దాటుతారు. వెనక కార్ల వాళ్ళు విసుక్కున్నా సరే. అలా ఆగాలని చట్టం ఉంది.

ఈసారి మూడు పనులు చేయండి. ఒకటి, బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పండి. వీలైతే పేరు కూడా అడిగి తెలుసుకోండి. రెండు, ఇండియా వెళ్ళినప్పుడు ఊరికి తీసుకెళ్ళే కారు డ్రైవరును "డ్రైవర్!" అని పిలవకండి. పెద్దవాడైతే "మామయ్యా", చిన్నవాడైతే "అన్నా" అనండి. మీరు భోజనానికి ఆగినచోట ఆయన కూడా తిన్నారో లేదో అమ్మానాన్నలను అడగండి. మూడు, మీ తాతయ్యల్లో, మామయ్యల్లో ఎవరైనా బస్సో, లారీయో, జట్కాబండో నడిపారేమో కనుక్కోండి. నడిపి ఉంటే వాళ్ళు వెళ్ళిన అతి దూరపు ఊరేదో అడిగి, పది వాక్యాల్లో తెలుగులో రాసి పంపండి. బాగున్నవి వచ్చే సంచికలో ఇదే పేజీలో వేస్తాం.

అంతవరకు సెలవు. బండి జాగ్రత్తగా నడపండి!